కచేరీ కాగితాల్లో చిన్న గీత

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గంవారు కోరినప్పుడు, బహుశా దోమకొండ గడి గురించో నిజాంసాగర్ కట్ట గురించో రాస్తానని ఆశించి ఉంటారు. వాటిని గురించి నాకంటె బాగా తెలిసిన పెద్దలు మనలోనే ఉన్నారు. నేను రాయబోయేది ఒక గీత గురించి. టైపు మిషను మీద కుడిచేతి చిటికెన వేలితో కొట్టే రవ్వంత అడ్డగీత. ఇంగ్లీషువారు దానిని హైఫన్ అంటారు. 1968లో ఎల్లారెడ్డి తాలూకా కచేరీలో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరిన నాటినుంచి 2006లో కామారెడ్డిలో పదవీ విరమణ చేసేదాకా ఈ గీతతో నాకు రోజూ పని పడింది. దానికీ ఒక చరిత్ర ఉందనీ, అందులో మన ఉద్యోగుల బతుకులు కూడా కొంత ఇమిడి ఉన్నాయనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ గీత పుట్టుక గ్రీకు దేశంలో. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దపు వ్యాకరణకర్త డయోనీసియస్ థ్రాక్స్ పేరుతో దీనిని చెబుతారు. అప్పట్లో మాటల మధ్య ఖాళీ విడవకుండా ఏకబిగిన రాసేవారు. రెండు ముక్కలను కలిపి ఒకే మాటగా చదవాలని తెలపడానికి అక్షరాల కింద విల్లులాంటి వంపు గీత గీసేవారు. హైఫన్ అనే మాటకు గ్రీకులో 'ఒకదాని కింద' అని అర్థం. ఆ తరువాత పదిహేనవ శతాబ్దంలో జర్మనీలోని మైన్జ్ పట్టణంలో గూటెన్‌బర్గ్ బైబిలు అచ్చువేసినప్పుడు, పంక్తి చివర మాట పట్టకపోతే విరిచి, కొసన ఏటవాలుగా రెండు చిన్న గీతలు పెట్టాడు. ఒకటి కలపడానికి, ఇంకొకటి విరవడానికి. ఈ రెండు పనులూ చేసే గుర్తు మరొకటి ఉన్నట్టు లేదు.

మన తెలుగులో ఈ అవసరం రాలేదు. సమాసం చేస్తే రెండు మాటలు అతికిపోతాయి. సంధి కుదిరితే మధ్య అక్షరమే మారిపోతుంది. ఇంగ్లీషుకు ఆ జిగురు తక్కువ. అందుకని మాటలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి, ఏది దేనికి విశేషణమో పాఠకుడే చూసుకోవాలి. ఎప్పుడైతే పొరపాటు పడే ప్రమాదం ఉంటుందో అప్పుడు గీత పెట్టాలి. మొత్తం హైఫన్ శాస్త్రమంతా ఈ ఒక్క వాక్యంలో ఉందని నా అభిప్రాయం. మిగిలినవన్నీ దాని వ్యాఖ్యానాలే.

పెన్షను తీసుకునేవాళ్లకు నోట్ల ఉదాహరణ చెబితే చప్పున అర్థమవుతుంది. 'టూ హండ్రెడ్ రుపీ నోట్స్' అని గీత లేకుండా రాస్తే ఎంత సొమ్ము? హండ్రెడ్‌కూ రుపీకీ మధ్య గీత పెడితే నూరు రూపాయల నోట్లు రెండు, అంటే రెండువందలు. మూడు మాటలనూ రెండు గీతలతో గుదిగుచ్చితే రెండువందల రూపాయల నోట్లు, ఎన్నో తెలియదు. 2017లో రిజర్వు బ్యాంకు నిజంగానే రెండువందల నోటు తెచ్చేదాకా మాకు ఇది కాగితం మీది లెక్కే. ఇప్పుడు జేబులోకి వచ్చింది. తెలుగులో 'రెండు నూరురూపాయల నోట్లు', 'రెండువందల రూపాయల నోట్లు' అంటే ఏ గీతా లేకుండా ఎవరికైనా తెలుస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి. విశేష్యానికి ముందు వచ్చే జంట విశేషణానికి గీత ఉంటుంది, తరువాత వస్తే ఉండదు. 'వెల్-నోన్ లాయర్' అంటే గీత. 'ఆ లాయరు వెల్ నోన్' అంటే గీత లేదు. 'లీ' శబ్దంతో ముగిసే క్రియావిశేషణం తరువాత గీత అక్కరలేదు: 2016 అక్టోబరు 11న మన కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు 'న్యూలీ ఫార్మ్‌డ్ డిస్ట్రిక్ట్' అని రాయడానికి గీత పనిలేదు, ఎందుకంటే 'న్యూలీ' అనే మాట ఎక్కడ అతుక్కోవాలో దాని తోకే చెబుతుంది. అంకెలను అక్షరాలలో రాసేటప్పుడు ట్వెంటీ-వన్ మొదలు నైంటీ-నైన్ వరకు గీత తప్పనిసరి. బిల్లుల మీద మొత్తం అక్షరాలలో రాసిన ప్రతి ఒక్కరికీ ఇది వేళ్లకు అలవాటైన విద్యే. రెండు అచ్చులు ఢీకొనే చోట, రీ-ఎంప్లాయ్‌మెంట్, కో-ఆపరేటివ్ వంటి వాటిలో, గీత పెట్టడం పాత సంప్రదాయం. మనకైతే అచ్చుకు అచ్చు తగిలితే సంధి. వాళ్లకు అచ్చుకు అచ్చు తగిలితే అడ్డుగోడ!

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఎల్లారెడ్డి కచేరీలో పెద్దవారంతా ఉర్దూ మాధ్యమంలో చదివినవారు. దీనికి కారణం పాఠకులకు తెలిసిందే. నిజాం రాజ్యంలో 1880ల వరకు దర్బారు భాష పారసీకం, తరువాత ఉర్దూ. 1917లో హైదరాబాదులో అనువాద సంస్థ దార్-ఉల్-తర్జుమా పెట్టి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తెరిచి, వైద్యం మొదలు ఇంజనీరింగు దాకా ఉర్దూలోనే చెప్పారు. తాలూకా కచేరీలో సేత్వార్, ఫైసల్‌పట్టీ, పహాణీ అన్నీ ఉర్దూలోనే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తరువాత కొద్ది కాలంలోనే పై కార్యాలయాల ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంగ్లీషులోకి మారాయి. నిన్నటిదాకా ఖుష్‌ఖత్‌గా ఉర్దూలో కైఫియత్తులు రాసిన మనిషి, తెల్లారేసరికి ఇంగ్లీషు డ్రాఫ్టు పెట్టవలసి వచ్చింది. నలభై ఏళ్లు దాటినవారు పిల్లల రీడర్లు ముందర పెట్టుకుని రాత్రిళ్లు దీపం కింద చదువుకున్నారని మా సీనియర్లు చెప్పేవారు. అది నవ్వులాట కాదు. ఇంగ్లీషు రానివారి పదోన్నతి ఆగేది, పక్క ప్రాంతంనుంచి ఇంగ్లీషు వచ్చినవారు పైకుర్చీల్లో కూర్చునేవారు.

మా కచేరీలో ఒక వృద్ధ పేష్కారు ఉండేవారు. హైఫన్ ఎక్కడ పెట్టాలో నేను తికమకపడుతుంటే ఆయన చెప్పిన మాట ఏ ఇంగ్లీషు గ్రామరులోనూ నాకు దొరకలేదు. "గిది మన ఇజాఫతే అనుకో బేటా. ఉర్దూల గది మేం రాయం, చదివెటోడే ఎరుక చేసుకోవాలె. ఇంగ్లీషోడు రాసి చూపెడ్తడు, గంతే ఫరక్" అన్నారు.

ఇజాఫత్ అంటే తెలియని చిన్నవారి కోసం చెబుతాను. పారసీకంనుంచి ఉర్దూకు వచ్చిన పద్ధతి ఇది. రెండు మాటల మధ్య 'ఎ' అనే పొట్టి శబ్దం చేర్చి సంబంధం చెబుతారు. సర్ఫ్-ఎ-ఖాస్ అంటే నిజాం సొంత ఖర్చులకోసం కేటాయించిన భూములు. 1949లో వాటిని దీవానీలో కలిపారు. ఫర్మాన్-ఎ-ముబారక్, నాజిమ్-ఎ-తాలీమాత్ ఇటువంటివే. ఉర్దూ రాతలో ఈ 'ఎ'ను అక్షరం కింద 'జేర్' అనే చిన్న గీతతో సూచించాలి. కాని చేతిరాతలో చాలాసార్లు దానిని వదిలేస్తారు. తెలిసినవాడు కలిపి చదువుతాడు, తెలియనివాడు తడబడతాడు. మదార్-ఉల్-మహామ్, నిజాం-ఉల్-ముల్క్ వంటి వాటిలోని 'ఉల్' అరబ్బీది, దాని సంగతి వేరు. అయితే ఇంగ్లీషువాళ్లు ఈ పేర్లను రోమన్ లిపిలోకి ఎక్కించేటప్పుడు రెండింటికీ గీతలే గుచ్చారు. ఆ విధంగా మన పాత నిజాం సర్కారు ఇంగ్లీషు కాగితాలు చూస్తే పుటకు పది హైఫన్లు కనిపిస్తాయి.

పేష్కారు గారి పోలికలో ఒక్క తేడా ఉంది. ఇజాఫత్‌లో ప్రధానమైన మాట ముందు వస్తుంది, దాని విశేషణం వెనక వస్తుంది. ఇంగ్లీషు సమాసంలో, తెలుగులోలాగే, ప్రధానమైనది చివర. కాని ఇంగ్లీషులోనూ కొన్ని బిరుదులు ఇజాఫత్ నడకే నడుస్తాయి. అవి ఫ్రెంచి పాలకుల పుణ్యమా అని వచ్చినవి: గవర్నర్-జనరల్, అటార్నీ-జనరల్, అడ్వొకేట్-జనరల్, మన పెన్షను కాగితాలు చూసే అకౌంటెంట్-జనరల్. ఇక్కడ జనరల్ అంటే సైన్యాధిపతి కాడు, 'సర్వ' అనే విశేషణం. అందుకే ఇద్దరుంటే గవర్నర్స్-జనరల్ అనాలిగాని గవర్నర్-జనరల్స్ అనడం సంప్రదాయం కాదు. సన్-ఇన్-లా కూడా అంతే. మనకు ఎంతమంది అల్లుళ్లున్నా బహువచనం 'సన్' మీదనే పడుతుంది. భారత రాజ్యాంగంలో వైస్-ప్రెసిడెంట్, అటార్నీ-జనరల్, ఆడిటర్-జనరల్ అందరికీ గీతలున్నాయి. ఇప్పుడు ఆడిటర్ జనరల్ కార్యాలయం తన పేరులో ఆ గీత లేకుండానే రాసుకుంటున్నది. రాజ్యాంగంలో మాత్రం అది అట్లాగే ఉంది.

టైపు మిషను ముచ్చట రెండు మాటల్లో చెప్పి అసలు విషయానికి వస్తాను. లోయరు, హయ్యరు పరీక్షలు పాసైనవారికి గుర్తుండే ఉంటుంది. మార్జిను దగ్గరపడగానే గంట మోగుతుంది. మాట ఇముడుతుందా విరవాలా అన్నది అరక్షణంలో తేల్చుకోవాలి. ఒకే పలుకున్న మాటను విరవరాదు, ఒక్క అక్షరాన్ని ఒంటరిగా వదలరాదు, జంట హల్లులుంటే వాటి మధ్య విరవాలి, మనిషి పేరును విరవనేకూడదు. స్టెన్సిలు కోసేటప్పుడు చుక్క, కామా, హైఫన్‌లను మెల్లగా కొట్టాలి. గట్టిగా కొడితే మైనపు కాగితానికి బెజ్జం పడి సైక్లోస్టయిలు ప్రతులన్నిటి మీదా సిరా మరక. ఈ భయంతో కొందరు టైపిస్టులు హైఫన్లను మొత్తానికే ఎగరగొట్టేవారు. దాని ఫలితాలలో ఒకటి ఇప్పుడు చెబుతాను.

ఇది ఒక కార్యాలయంలో జరిగింది. దాని పేరు అనవసరం. అక్కడ నగదు వ్యవహారం చూసే ఒక ఉద్యోగి 1955లో, హైదరాబాదు రాష్ట్రం ఉండగానే, కొలువులో చేరాడు. నగదు ముట్టుకునేవారు జమానత్తు పత్రం రాసివ్వాలన్నది మీకు తెలుసు. 1971లో ఆయనకు జమానత్తు ఉన్న పెద్దమనిషి కాలం చేశాడు. కొత్త జామీనుదారుతో పత్రం మళ్లీ రాసి, మళ్లీ సంతకం చేశాడు. ఈ సంగతి సర్వీసు రిజిస్టరులో ఒక పంక్తిలో ఎక్కించారు. ఇంగ్లీషులో మళ్లీ సంతకం చేయడాన్ని 'రీ' తరువాత గీత పెట్టి 'రీ-సైన్డ్' అని రాయాలి. గీత తీసేస్తే అక్షరాలన్నీ అవే, మాట మాత్రం 'రిజైన్డ్', అంటే రాజీనామా ఇచ్చాడని. రిజిస్టరులో గీత లేదు. 'జామీనుదారు మరణించిన కారణంగా ఫలానా తేదీన రాజీనామా' అన్న అర్థం వచ్చే పంక్తి పదిహేడేళ్లు ఎవరి కంటా పడకుండా అందులో నిద్రపోయింది.

1988లో ఆయన రిటైరయ్యాడు. ముప్పయిమూడేళ్ల సర్వీసు, పూర్తి పెన్షను రావాలి. కాగితాలు పైకి వెళ్లి తిరిగి వచ్చాయి. 1980 పెన్షను నిబంధనల ప్రకారం రాజీనామా ఇస్తే అంతకుముందు చేసిన సేవ లెక్కలోకి రాదు. కనుక 1955 నుంచి 1971 వరకు పదహారేళ్లు కొట్టివేసి, పదిహేడేళ్లకే లెక్క ఎందుకు కట్టకూడదో సంజాయిషీ ఇవ్వమన్నారు. అడిగినవారిని తప్పుపట్టలేం. కాగితం మీద ఉన్నది అదే. కాని ఆ మనిషికి అది ఇంచుమించు సగం పెన్షను. గ్రాట్యుటీ ఆగింది, ఆ సొమ్ము మీద నిశ్చయించుకున్న కూతురి పెండ్లి ఆగింది. తాత్కాలిక పెన్షనుతో తొమ్మిది నెలలు గడిపాడు. 'నేనెప్పుడు రాజీనామా ఇచ్చిన సార్?' అని రోజూ వచ్చి అడిగేవాడు, ఇచ్చానేమోనని తనకే అనుమానం వచ్చినట్టుగా.

ఆ పెన్షను కాగితాలు అప్పుడు నా సీటులోనే ఉన్నాయి. 1971 నాటి జీతాల అక్విటెన్సు రోల్సు వెదికితే ఒక్క రోజు కూడా విరామం లేకుండా సంతకాలున్నాయి. అయినా అది చాలదన్నారు. రాజీనామా కాదని రుజువు కావాలి. చివరికి రికార్డు రూములో ఎర్రబట్ట బస్తాలు ఒక్కొక్కటే విప్పగా, చెదలు అంచులు తిన్న రెండవ జమానత్తు పత్రం దొరికింది. తేదీ సరిగ్గా అదే. నకలు జతచేసి, రిజిస్టరులో ఆ పంక్తికి ఎర్రసిరాతో చిన్న గీత పెట్టించి, అధికారి చేత అటెస్టు చేయించి పంపాము. రెండు నెలలలో పూర్తి పెన్షను మంజూరై వచ్చింది. పెండ్లికి మమ్మల్నందరినీ పిలిచాడు. భోజనాల దగ్గర మా సీనియరు ఒకాయన పెండ్లిపత్రిక తీసి చూసి, అందులో హైఫన్లు సరిగ్గా ఉన్నాయా లేవా అని వెదికితే అందరం నవ్వాము.

ఇటువంటి జంటలు ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయి. 'రీ-కవర్' అంటే మళ్లీ గలీబు వేయించడం, 'రికవర్' అంటే రాబట్టడం. కుర్చీలకు కొత్త బట్ట వేయించిన కంటింజెంటు బిల్లులో గీత తప్పిపోతే, ఆరు కుర్చీలు ఎవరి దగ్గరనుంచి రాబట్టారని ఆడిటువారు అడిగారన్న కథ నేను మూడు కచేరీలలో విన్నాను, ప్రతి కచేరీలోనూ అది అక్కడే జరిగిందని చెప్పేవారు. హైఫన్ మీద దీర్ఘమైన వ్యాసం రాసిన హెన్రీ ఫౌలర్ అనే ఇంగ్లీషు పండితుడు, 1926లో వెలువడిన తన వాడుక నిఘంటువులో ఈ గీతల గందరగోళాన్ని చాలా చీవాట్లు పెట్టాడు. ఆయన అంతకుముందు బడిపంతులు. మనస్సాక్షికి విరుద్ధమైన పని చేయలేక ఉద్యోగం వదులుకున్నాడు. అది గీత లేని రాజీనామాయే.

మన సర్వీసు చరిత్రలో అన్నిటికంటె బరువైన గీత మాత్రం 'నాన్' తరువాత వచ్చేది. 1919లో నిజాం ఫర్మానాతో ముల్కీ నిబంధనలు వచ్చాయి. ముల్కీ అంటే దేశవాళీ, కానివాడు గైర్‌ముల్కీ. 1952లో విద్యార్థులు వీధికెక్కినప్పుడు ఇంగ్లీషు పత్రికలలో గైర్‌ముల్కీ కాస్తా 'నాన్-ముల్కీ' అయ్యాడు. 1969 ఉద్యమం, 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు, 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు, 1985 డిసెంబరు 30న 610 జి.ఓ., ఈ వరుస మన తరంవారికి నోటికి వచ్చు. ఆ క్రమంలో ముల్కీ పోయి 'లోకల్', నాన్-ముల్కీ పోయి 'నాన్-లోకల్' వచ్చాడు. తెలుగులో 'స్థానికేతరుడు'. ఉర్దూలో 'గైర్' ముందు నిలబడింది, ఇంగ్లీషులో 'నాన్' ముందు నిలబడి గీత పట్టుకుంది, తెలుగులో 'ఇతర' వెనక చేరి గుణసంధితో కలిసిపోయింది. మూడు కచేరీ భాషల వ్యాకరణం ఒక్క మాటలో చూడవచ్చు. ఏ భాషలో రాసినా ఆ మాట ఎవరికి తగిలిందో వారికే తెలుసు. ఆ పథకం ఇంగ్లీషు పేరు 'సిక్స్-పాయింట్ ఫార్ములా'లోనూ గీత ఉంది. గీత ఉంటే ఆరు అంశాలున్న ఒక సూత్రం. మన వ్యాకరణంలో ద్విగు సమాసమన్నమాట.

సమాసాల పేర్లు ఎత్తాను గనుక ఒక విశేషం చెప్పాలి. తత్పురుష, బహువ్రీహి, ద్వంద్వ అన్న మాటలను యూరపు భాషాశాస్త్రజ్ఞులు మన వ్యాకరణంనుంచి తీసుకుని, ఇంగ్లీషు సమాసాలను వర్ణించడానికి నేటికీ వాడుతున్నారు. ఈ కొలబద్దతో మన కచేరీ మాటలను కొలిచి చూడండి. 1984లో రద్దయిన 'పటేల్-పట్వారీ' వ్యవస్థ ద్వంద్వం, ఇద్దరూ సమానులే. (సమానులే అని పటేలు అనుకునేవాడు, పట్వారీ అనుకునేవాడు కాదు. దస్తరం ఆయన దగ్గర ఉండేది.) 'కామారెడ్డి-ఎల్లారెడ్డి రోడ్డు'లో గీత అంటే 'నుంచి-వరకు'. 1954-55 ఖాస్రా పహాణీలో గీత రెండు ఇంగ్లీషు సంవత్సరాలను కుట్టి ఒక రెవెన్యూ సంవత్సరం చేసింది.

'ఎక్స్' విషయంలో మాత్రం మన కచేరీలు చేసిన చిత్రం ఏ శాస్త్రానికీ అందదు. ఎక్స్-సర్వీస్‌మన్, ఎక్స్-ఎమ్మెల్యే అన్నప్పుడు 'మాజీ' అని అర్థం, గీత పెట్టాలి. ఎక్స్ అఫీషియో, ఎక్స్ గ్రేషియా అన్నవి లాటిను పదబంధాలు. 'హోదా రీత్యా', 'దయతో' అని అర్థం. మూలంలో రెండు విడి మాటలు, గీత లేదు. మనవాళ్లు అన్నిటికీ ఒకే గీత పెట్టారు. అందువల్ల ఎక్స్-అఫీషియో మెంబరు అంటే మాజీ అధికారి అని అనుకునేవారిని నేను ఎరుగుదును. రిటైరైన మరునాడు ఒక మిత్రుడు 'ఇక మనమంతా ఎక్స్-అఫీషియోలమే' అన్నాడు. ఆయన హాస్యానికి అన్నాడో నిజంగానే అన్నాడో నేను అడగలేదు. తెలుగు పత్రికలు ఎక్స్‌గ్రేషియాను గీత కూడా లేకుండా ఒకే మాట చేసేసి ఆ చిక్కు వదిలించుకున్నాయి.

సహకార సంఘాలవారి గీత ఇంకా పట్టుదల కలది. 1904 నాటి చట్టంలో కో-ఆపరేటివ్ అని గీతతో ఉంది, 1912 చట్టంలో ఉంది, ఆంధ్రప్రదేశ్ 1964 చట్టంలో ఉంది. 2011లో తొంభై ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా సహకార సంఘాల గురించి కొత్త భాగం చేర్చినప్పుడు అందులోనూ గీత ఉంది. 2021లో కేంద్రంలో సహకార మంత్రిత్వ శాఖ ఏర్పడినప్పుడు మాత్రం దాని పేరులో గీత మాయమైంది. గీత లేకుండా పొట్టిచేసి రాస్తే 'కూప్' అవుతుంది, అంటే కోళ్ల గూడు. కో-ఆప్‌కూ కోళ్ల గూటికీ తేడా ఆ గీతే!

దేశాల పేర్లలో ఈ గీత రాజకీయమే అయింది. 1990లో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టు పాలన పోయాక, దేశం పేరులో చెక్‌కూ స్లొవాక్‌కూ మధ్య గీత ఉండాలని స్లొవాకులు, అక్కరలేదని చెక్కులు పార్లమెంటులో వాదులాడుకున్నారు. పత్రికలు దానిని హైఫన్ యుద్ధమన్నాయి. చివరికి గీత ప్రసక్తి రాకుండా 'చెక్ మరియు స్లొవాక్ ఫెడరేటివ్ రిపబ్లిక్' అని రాజీపడ్డారు. 1992 ముగిసేసరికి దేశమే రెండైంది. మన పొరుగున బీదరు, గుల్బర్గా వైపు ప్రాంతాన్ని 'హైదరాబాద్-కర్ణాటక' అనేవారు. ఒకనాడు మనతోపాటే నిజాం పాలనలో ఉండిన ప్రాంతమని ఆ గీత గుర్తుచేసేది. 2019లో దానిని కల్యాణ కర్ణాటకగా మార్చారు. అమెరికాలో ఉన్న మన మనవలు, మనవరాండ్ర సంగతి మరొకటి. వలస వచ్చినవారు ఫలానా-అమెరికన్ అని గీతతో చెప్పుకోవడాన్ని 1915లో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ బహిరంగ సభలో తప్పుపట్టాడు. 2019లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, ఏషియన్ అమెరికన్ వంటి మాటలలో గీత తీసేయాలని తన విలేకరులకు నియమం పెట్టింది. గీత మనిషిని సగం పౌరుడిగా చూపుతుందని వారి అభ్యంతరం. కామారెడ్డినుంచి వెళ్లిన పిల్లవాడు గీత ఉన్నా లేకున్నా ఆదివారం రాత్రి ఫోను చేస్తే చాలునని నా భార్య అభిప్రాయం.

మొత్తం మీద గీత తరుగుతున్నది. మా పాత ఫైళ్లలో 'టు-డే', 'టు-మారో' అని గీతతో రాసిన ముసలి అధికారుల చేతిరాతలు నేను చూశాను. ఒకప్పుడు ఇంగ్లాండులో అదే వాడుక. ముందు రెండు మాటలు, తరువాత గీత, తరువాత ఒకే మాట, ఇదీ వాటి నడక. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆరవ కూర్పులో సుమారు పదహారువేల మాటలనుంచి గీతలు తీసేశారు. ఐస్-క్రీమ్ రెండు మాటలైంది, బంబుల్-బీ ఒకే మాటైంది. ఈ-మెయిల్ గీతను అసోసియేటెడ్ ప్రెస్ 2011లో తీసేసింది. కారణం వేరే ఏమీ లేదు, కంప్యూటరు మీద వేగంగా రాసేవారికి గీత పెట్టే ఓపిక లేదు.

తెలుగు కచేరీ భాషగా 1966 చట్టంతో వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య గారు తొలి అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. సబ్-ట్రెజరీ ఆఫీసరు 'ఉప ఖజానా అధికారి' అయ్యాడు. గీత పోయిందిగాని ఖాళీ మిగిలింది: ఉపరాష్ట్రపతిని కలిపి రాస్తాం, ఉప ఎన్నికను విడదీసి రాస్తాం, ఉపముఖ్యమంత్రిని ఒక పత్రిక కలిపితే ఇంకొకటి విడదీస్తుంది. మన ఊళ్ల పేర్లదీ ఇదే కథ. కామారెడ్డి, ఎల్లారెడ్డి తెలుగులో ఒక్కొక్కటే మాట. ఇంగ్లీషులో రాసేటప్పుడు కొందరు రెండు ముక్కలు చేసి మనిషి పేరులా రాస్తారు. ఎల్లారెడ్డికి రావలసిన తపాలా సిరిసిల్ల దగ్గరి ఎల్లారెడ్డిపేటకు పోవడం మా కాలంలో అరుదు కాదు.

ఇక చివరిగా, మన ఇళ్ల నంబర్లు. హైదరాబాదులోనూ మన తెలంగాణ పట్టణాల్లోనూ ఇంటి నంబరు మూడు తునకలుగా, మధ్య రెండు గీతలతో ఉంటుంది. ముందు వార్డు, తరువాత బ్లాకు, ఆ తరువాత ఇల్లు. గీతలు తీసేస్తే 1-11-5, 11-1-5, 1-1-15 మూడూ ఒకటే అంకె అవుతాయి, మూడు ఇళ్లు మాత్రం ఊరికి మూడు మూలల ఉండవచ్చు. కంప్యూటరులో కొన్ని దరఖాస్తు ఫారాలు చిరునామా గడిలో గీతను ఒప్పుకోవు, ఎర్ర అక్షరాలతో 'తప్పు' అని చూపిస్తాయి. అటువంటప్పుడు గీత స్థానంలో ఖాళీ విడవండి, లేదా ఏటవాలు గీత పెట్టండి. అంకెలను మాత్రం కలిపి రాయకండి. పెన్షను పుస్తకంలో, బ్యాంకులో, ఆధారులో మూడుచోట్లా ఒకే తీరుగా ఉన్నదో లేదో ఈసారి లైఫ్ సర్టిఫికెటు ఇచ్చేటప్పుడు ఒకమారు సరిచూసుకోండి. పేరు మధ్య గీత ఉన్న సభ్యులు, ముఖ్యంగా అబ్దుల్ అనే మాటతో మొదలయ్యే పేరు గలవారు, తమ పేరు ఎక్కడ ఒక మాటగా, ఎక్కడ రెండు మాటలుగా పడిందో చూసుకుని, తేడా ఉంటే నవంబరుకు ముందే ట్రెజరీలో దరఖాస్తు పెట్టుకోవాలి. అవసరమైనవారు పాత కాగితాలు తీసుకుని వస్తే నేను చూసిపెడతాను.